ఒమన్ మబ్బు కారిన ఊరు

జులై 29. వర్షపాతం 0.0

ప్రభుత్వం వారి వాన రిజిస్టరులో రిమార్కుల గడి అగ్గిపెట్టె కంటే చిన్నది. 'ఏమీ లేదు' అని రాస్తే నిండిపోతుంది. పైగా అందులో సొంత అభిప్రాయాలు రాయకూడదని పోయిన నెల సర్క్యులర్ వచ్చింది. నాకేమో అభిప్రాయాలు జాస్తి. అందుకని ఈ నోటుపుస్తకం కొన్నాను.

నా పేరు హనుమక్క. అనంతపురం జిల్లా రాళ్ళవంకలో వాన గుమాస్తాని. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి పంచాయతీ ఆఫీసు వెనకున్న గిన్నెలో ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో కొలిచి రాయాలి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను కొలిచిన దానికంటే దుమ్ము తుడిచింది ఎక్కువ.

మధ్యాహ్నం మూడూ నలభైకి రెండో పని. అప్పుడు ఒమన్ మబ్బు పోతుంది. చైనా వాళ్ళు బంగాళాఖాతంలో ఓడల మీద మబ్బులు తయారుచేసి, ముందు కొన్ని యంత్రాలూ వెనక కొన్ని యంత్రాలూ పెట్టి, గొర్రెల్ని తోలినట్టు కొన్న దేశాలకు తోలుకుపోతారు. ఒమన్‌కు పోయే దారిలో మేమున్నాం. ఆగని ఎక్స్‌ప్రెస్ రైలును చిన్న స్టేషనులో నిలబడి చూసినట్టు ఊరంతా తలెత్తి చూస్తుంది. కాసేపు నీడ పడుతుంది. నీడకి అనుమతి ఉంది.

చుక్కకి లేదు. దారి ఇచ్చేటప్పుడు మన ప్రభుత్వం పద్దెనిమిది షరతులు పెట్టింది. మొదటిది, దారిలో ఒక్క చుక్క కూడా రాలకూడదు. రాలితే దాన్ని వాన అనరు, చొరబాటు అంటారు. ఆ తడి తగిలిన పైరుని వారంలోగా పీకేయాలి. ఈరోజు ఏ చుక్కా రాలలేదని సంతకం పెట్టడం నా రెండో పని. అంటే కరువు ప్రాంతంలో వాన పడలేదని హామీ ఇస్తూ నేను జీతం తీసుకుంటున్నాను.

ఆగస్టు 9. వర్షపాతం 0.0

కొత్త ఫారం వచ్చింది. పాతదానికి ఏడు గళ్ళుంటే దీనికి పంతొమ్మిది. చైనా మబ్బులు ప్రపంచమంతా తిరుగుతుంటే మిగతా దేశాలు చేతులు కట్టుకుని కూర్చుంటాయా? చైనా వాన తాగిన పంట మీద అమెరికా అదనపు సుంకం వేసింది. యూరప్ వాళ్ళకి ప్రతి గింజకీ మబ్బు పుట్టుక ధ్రువపత్రం కావాలి. జపాన్ వాళ్ళు చిన్న మబ్బులు చేశారు, చెప్పిన గట్టు దాటి పడవట. మనవాళ్ళు 'స్వదేశీ వాన' పథకం పెట్టారు. దేశం మొత్తానికి ఎనిమిది మబ్బులు. మా ఊరి అర్జీ నంబరు పద్నాలుగు వేల చిల్లర.

ఒక్కో దేశం మబ్బులో ఒక్కో రకం పొడి కలుపుతారు. గిన్నెలో నీళ్ళకి రంగు పట్టీ తగిలిస్తే అది ఎవరి వానో తెలిసిపోతుంది. చైనాది నీలం, మనది ఆకుపచ్చ. పట్టీల పెట్టె మీద తయారీ దేశం పేరున్న చోట ఎవరో నల్ల కాగితం అతికించారు. నేను గీకి చూడలేదు. చూడక్కర్లేదు కూడా.

తమ్ముడు ఎర్రిస్వామి పద్నాలుగెకరాల్లో శనక్కాయ వేశాడు. జులై నాలుగున దొరికిన వాన పదునుకి విత్తాడు. మూడేళ్ళుగా పంట లేదు. ఊరి చుట్టూ పొలాలు చాలావరకు ఎండ కంపెనీకి పోయాయి, ఎటు చూసినా కరెంటు పలకలే. వాడి దగ్గరికీ కాగితం తెచ్చారు. సంతకం పెడితే ముప్పై ఏళ్ళు ఆ నేలమీద నాగలి దిగదు. ఈసారి కూడా పంట రాకపోతే దీపావళికి సంతకం పెడతానని వాడు మాటిచ్చాడు. మా నాయన పోయేటప్పుడు ఆ పొలం వాడి చేతిలో పెట్టి పోయాడు. నాకు వేరే బిడ్డలు లేరు, వాడే. అందుకని ఈ సంవత్సరం నా లెక్కలో ఉన్న పని ఒక్కటే, ఆ పద్నాలుగెకరాలు గట్టెక్కాలి.

ఆగస్టు 18. వర్షపాతం 0.0

శనక్కాయ ఊడలు దిగే సమయం. పూత అయ్యాక చెట్టు నుంచి ఊడ వంగి భూమిలోకి పోవాలి, పోతేనే కాయ. నేల రాయిలా ఉంటే ఊడ పైనే ఎండిపోతుంది. ఒక్క వాన చాలు. వారంలోపల పడాలి.

ఎర్రిస్వామి ఆఫీసుకొచ్చి గుమ్మంలో గొంతుక్కూర్చున్నాడు.

"అక్కా, నువ్వు ఆ చైనా ఆయప్పతో దినామూ మాట్లాడ్తావు గదా. ఒక్క గంట మబ్బుని నిలబెట్టమని అడగలేవా?"

"అడిగితే నా ఉద్యోగం పోతాది రా."

"నీ ఉద్యోగం ఏముండాదిలే, సున్నాలు రాసేదే గదా."

వాడి బాధ అలాంటిది, కోప్పడలేదు. చైనా ఆయన అంటే లిన్ గారు. కున్మింగ్ నగరంలో మబ్బుల కంపెనీ ఆఫీసులో కూర్చుని మా జిల్లా మీదుగా పోయే దారి చూస్తారు. రోజూ సాయంత్రం ఫోన్ చేసి చుక్క పడిందా లేదా అని అడుగుతారు. మా డివిజన్ అధికారి పరాంకుశం గారు మాట్లాడితే పది మాటల్లో ఎనిమిది ఇంగ్లీషువి. లిన్ గారి మాటల్లో ఒక్కటీ ఉండదు. పాత తెలుగు వాచకాలు చదివి నేర్చుకున్నారట.

"గౌరవనీయులైన హనుమక్క గారూ, నేడు మా మేఘము మీ గ్రామమునకు ఎట్టి అసౌకర్యమును కలిగించలేదు గదా?"

"లేదండీ. నీడ పడింది, అంతే."

"నీడ వలన ఇబ్బంది కలిగినచో మన్నింపుడు."

మా నోటిదాకా వచ్చిన నీళ్ళు ఒమన్‌కు పోతుంటే నీడకి క్షమాపణ అడిగే మర్యాద ఎవరికుంటుంది? ఆయన మీద నాకు కోపం తెచ్చుకోవడానికి కూడా వీలు కుదరడం లేదు.

ఆగస్టు 22. సాయంత్రం

ఇది ఎనిమిదిన్నర కొలత కాదు. చెయ్యి ఊరుకోక రాస్తున్నాను.

మూడూ నలభై మబ్బు ఆగిపోయింది. పడమర సముద్రం మీద గాలివాన ఉందట, ముందున్న మబ్బులన్నీ నిలిచిపోయాయి, వాటితోపాటు మాదీ. మా ఊరి నెత్తిన, సరిగ్గా తూర్పు పొలాల మీద. యంత్రాలు దాని చుట్టూ తేనెటీగల్లా తిరిగాయి. నాలుగున్నరకి ఒక మూల నల్లబడింది. ఐదుకి కారడం మొదలైంది.

అదేమన్నా ఉరుములతో వచ్చిన వానా! చిల్లుపడిన కుండలాగా ఊరికే, తలవంచుకుని, ఒక గంటసేపు కారింది. జనం అరవలేదు కూడా, అరిస్తే ఆపేస్తారేమోనని. ఎర్రిస్వామి పొలంలో నిలబడి నోరు తెరుచుకుని తాగాడు. వాడికి నలభై ఎనిమిదేళ్ళు. నేను గొడుగు తెచ్చుకుని కూడా తెరవలేదు.

ఆగస్టు 23. వర్షపాతం

గిన్నెలో 14.2 ఉంది. పట్టీ ముంచాను. నీలం, కృష్ణుడి బొమ్మంత నీలం.

14.2 అని రాస్తే చొరబాటు. రేపు ట్రాక్టర్లు వస్తాయి, ఎల్లుండికి పైరు ఉండదు. ఇరవై రెండేళ్ళలో నేనొక్క పాయింటు కూడా తప్పు రాయలేదు. జిల్లాలో నాకు దాని మీద ప్రశంసాపత్రం కూడా ఉంది, గోడకి తగిలించి ఉంది. దాని కిందనే కూర్చుని 0.0 అని రాశాను. భయం వేయలేదని రాస్తే అబద్ధం, రోజుకొకటి చాలు.

సాయంత్రం లిన్ గారు ఫోన్ చేశారు. ఆయనకి తెలుసు, నాకు తెలుసు.

"హనుమక్క గారూ, నిన్న మా మేఘము యొక్క బరువు కొంత తగ్గినట్లు కనబడుచున్నది."

"ఎండకి ఆవిరైపోయి ఉంటుందండీ."

"అట్లే వ్రాసుకొందును" అన్నారు. ఒమన్‌కు పద్నాలుగు మిల్లీమీటర్లు తక్కువ పోతాయి. వాళ్ళని నేను చూడలేదు, అయినా మనసులో క్షమించమని అడిగాను.

ఆగస్టు 25. వర్షపాతం 0.0

అంతటితో ఊరుకుని ఉంటే ఏ గొడవా లేదు. కానీ మా సర్పంచ్ ఫక్కీరమ్మ ఉంది కదా. డెబ్భై ఏళ్ళ మనిషి, మర్యాద తప్పితే అన్నం సహించదు. పంచాయతీ పెట్టింది.

"ఊరికి నీళ్ళు మోసుకోనొచ్చింది. అంటే ఆడబిడ్డ వచ్చినట్టా కాదా? ఒట్టి ఒడితో పంపిచ్చినాం. రేపు ఇంగెవురైనా వస్తారా మన గడప తొక్కను?"

"అది యంత్రాలు తోలుకపోయే మబ్బు గదమ్మా," అన్నాన్నేను.

"మీ మరదల్నీ బస్సే తోలుకోనొచ్చింది. ఒడి నింపలేదా?"

చెరువు నిండితే గంగమ్మకి చీర పెట్టే ఊరు ఇది. బియ్యం, కొబ్బరి గిన్నెలు, పసుపు కొమ్ములు, వక్కలు, ఆకుపచ్చ రవికె గుడ్డ, రెండు డజన్ల గాజులు, ఎర్రిస్వామి ఇంట్లో విత్తనానికి దాచిన శనక్కాయలు దోసెడు. అన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టారు. మబ్బుకి చిరునామా లేదు కాబట్టి కున్మింగ్ ఆఫీసుకి పంపాలన్నారు. పైన పంచాయతీ ముద్ర వేసి ఫక్కీరమ్మ ఒక ఉత్తరం చెప్పి రాయించింది. "మా ఊరి ఆడబిడ్డకు, వచ్చినందుకు సంతోషం. మళ్ళీ రావాలి."

ఆ చివరి వాక్యం వద్దని చెప్పాను. "రావద్దని రాస్తారా ఎవురైనా?" అంది.

సెప్టెంబర్ 12. వర్షపాతం 0.0

ఊడలు దిగాయి. ఎర్రిస్వామి ఒక చెట్టు పీకి చూపించాడు, పాలకాయలు చిన్నచిన్నవి, తెల్లగా, లెక్కపెడితే ఇరవై మూడు. పీకిన చెట్టుకి బాధపడి మళ్ళీ నాటబోయాడు.

కున్మింగ్‌లో ఆ అట్టపెట్టెని అద్దాల బీరువాలో పెట్టారట. గాజులు ఒక వరసలో, పసుపు కొమ్ములు ఒక వరసలో. మబ్బు కంపెనీ ప్రకటన ఇచ్చింది. "రాళ్ళవంక గ్రామం మా మేఘాన్ని తమ కుటుంబంలోకి స్వీకరించింది, మళ్ళీ రమ్మని అధికారికంగా ఆహ్వానించింది." పక్కన పంచాయతీ ముద్ర పెద్దది చేసి వేశారు. ముద్రలో పగిలిన అంచు కూడా కనిపిస్తోంది. ఫక్కీరమ్మ సంతోషపడింది. "చూసినావా, తీసుకున్నోళ్ళకి మర్యాద తెలుసు."

మిగతా ప్రపంచం ఒప్పందం అనుకుంది.

సెప్టెంబర్ 18. వర్షపాతం 0.0

మొన్న పరాంకుశం గారు జీపులో వచ్చారు. మంచి మనిషే, కానీ భయం వేస్తే ఫైలు తెరుస్తారు. ఆరోజు మూడు ఫైళ్ళు తెరిచారు.

"హనుమక్కా, ఇది ఎంత సీరియస్ మ్యాటరో అర్థమవుతోందా? ఒక గ్రామం, సెపరేట్‌గా, ఫారిన్ కంట్రీతో రిలేషన్ పెట్టుకుంది!"

"ఒడి నింపినారు సార్."

"ఢిల్లీలో ఒడి అంటే ఏమని ఎక్స్‌ప్లెయిన్ చేయను? సరే, అసలు ఆరోజు వాన పడిందా?"

రిజిస్టరు ముందు పెట్టాను. 0.0. ఆయన చాలాసేపు చూశారు. పైరు వైపు కిటికీలోంచి చూశారు. మోకాలెత్తు పచ్చగా ఉంది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ గడ్డివాము రంగులో ఉన్నాయి.

"రిజిస్టరు ప్రకారం వాన పడలేదు," అన్నారు నిదానంగా. "కాబట్టి పడింది వాన కాదు. పలుకుబడి. చైనా పలుకుబడి."

పలుకుబడిని కొలిచే గిన్నె ప్రభుత్వం నాకివ్వలేదని చెప్పాను. ఆయన నవ్వలేదు.

నాకు కావాల్సింది ఒక్కటే, పైరు సంగతి. పీకిస్తారా? దాని మీద పైవాళ్ళు రెండు రోజులు తర్జనభర్జన పడ్డారట. పీకితే భయపడ్డామంటారు, పీకకపోతే ఒప్పుకున్నామంటారు. చివరికి పరిశీలనలో ఉంచారు. పరిశీలనలో ఉన్న వస్తువుని ఎవరూ ముట్టుకోరు కాబట్టి నా తమ్ముడి పంట బతికింది. ఇంటికి పోయేముందు ఆఫీసు గోడకున్న ప్రశంసాపత్రం దించేశాను.

అక్టోబర్ 4. వర్షపాతం 0.0

ఇప్పుడు మా ఊరు పేరు ప్రపంచానికంతా తెలుసు. పలుకుబడికి జవాబు పలుకుబడే అని తేల్చారు. అమెరికా వాళ్ళొచ్చారు, జపాన్ వాళ్ళొచ్చారు, యూరప్ వాళ్ళు ఇరవై ఏడు దేశాల తరఫున ఒకాయన్ని పంపారు. బళ్ళో తలా ఒక గది ఇచ్చారు. పిల్లలు చింతచెట్టు కింద చదువుకుంటున్నారు. పరాంకుశం గారు స్వాగత వేదిక వేయించారు, దానిమీద కప్పడానికి మండలంలో రైతులు అద్దెకు తెచ్చుకునే టార్పాలిను పట్టలన్నీ తెప్పించారు.

అందరూ నా దగ్గరికే వచ్చారు, ఒకే ప్రశ్న పట్టుకుని. 'మీ గ్రామానికి వాన అవసరమా?' జులైలో ఆ ప్రశ్న అడిగి ఉంటే వాళ్ళ కాళ్ళు కడిగేవాళ్ళం.

ఎర్రిస్వామిని అడిగాను. కాయ బాగా ఊరింది, పదిహేనో తారీఖుకి పీకాలి. నేల గట్టిగా ఉంటే కాయలు తెగి లోపలే ఉండిపోతాయి.

"పీకేదానికి కొంచెం పదునుంటే మేలేక్కా. పది మిల్లీమీటర్లు. ఎక్కువొద్దు. పీకినాంక అసలొద్దు. ఈ రకం కాయకి తడి తగిలితే మొలకొచ్చేస్తాది."

మన స్వదేశీ వానది కూడా కలిపి నాలుగు ఫారాలు నింపాను. నాలుగింటిలోనూ అవసరం గడిలో 'కొంచెం' అని రాశాను. చైనాకి రాయలేదు, వాళ్ళు అడగలేదు. 'పీకిన తర్వాత వద్దు' అని రిమార్కుల గడిలో రాయబోతే జాగా చాలలేదు. నోటితో చెప్పాను. నోటితో చెప్పింది ఫైలులోకి పోదని నాకంటే తెలిసినవాళ్ళు ఎవరు? ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

అక్టోబర్ 14. వర్షపాతం 10.0

స్వదేశీ వాన. నిన్న సాయంత్రం మంత్రిగారు మీట నొక్కారు. పది అంటే పదే పడింది. పట్టీ ఆకుపచ్చ. అబద్ధం లేకుండా ఒక అంకె రాయడం ఎంత హాయిగా ఉందో! ఊళ్ళో వాళ్ళంతా ఒకరి పొలానికి ఒకరు కూలి లేకుండా ముయ్యికి పోయి రేపటినుంచి పీకుతారు. ఎర్రిస్వామి రాత్రి ఒక పాట కూడా పాడాడు, వాడికి పాట రాదు.

అక్టోబర్ 16. వర్షపాతం 0.0

పద్నాలుగెకరాలూ పీకేశారు. చెట్లు తలకిందులుగా పెట్టి, కాయలు ఎండకి ఆరబెట్టారు. చెట్టుకి నలభై కాయలు. పొలంలో నడుస్తుంటే పచ్చి శనక్కాయ వాసనకి కడుపు నిండిపోయింది. మూడు రోజులు ఎండితే చాలు. ఎండ కంపెనీ మనిషి గట్టుమీద నిలబడి చూసి, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

అక్టోబర్ 17. వర్షపాతం 15.0

అమెరికా వాన. పట్టీ ఎరుపు. పొద్దున వాళ్ళ గదికి పరుగెత్తాను. "పీకేశారు, ఇక వద్దన్నాను కదండీ" అన్నాను. అమెరికా ఆయన నా ఫారమే తీసి చూపించాడు. కొంచెం. ఇండియా ఇచ్చిన కొంచెం పది, మాది పదిహేను, అంతే అన్నాడు.

అక్టోబర్ 18. వర్షపాతం 22.0

జపాన్. ఊదా. గట్టు దాటి ఒక్క చుక్క పడలేదు, నిజమే. ఎర్రిస్వామి పొలం మీద కచ్చితంగా పడింది. పట్టల కోసం మండలమంతా తిరిగాం. అన్నీ స్వాగత వేదిక మీద ఉన్నాయి, విప్పాలంటే కలెక్టరు ఉత్తర్వు కావాలట. చీరలు కప్పాం.

అక్టోబర్ 19. వర్షపాతం 30.0

యూరప్. పసుపు. వాన పడేముందు ఒప్పుకుంటున్నట్టు ప్రతి రైతు దగ్గరా సంతకం అడిగారు. ఎవ్వరమూ పెట్టలేదు. అభ్యంతరాలు తెలపడానికి గడువు ముప్పై రోజులని చెప్పి వాన కురిపించారు.

మధ్యాహ్నం లిన్ గారికి నేనే ఫోన్ చేశాను. "అయ్యా, మీరైనా ఆగండి. వీళ్ళు చాలదన్నట్టు మీరు కూడా మొదలుపెట్టొద్దు."

"హనుమక్క గారూ, తమ మాట నాకు శిరోధార్యము. కానీ రాళ్ళవంక మా పుట్టినిల్లు అని మా సంస్థ ప్రకటించినది. పరాయివారందరును పుట్టినింటికి కానుకలు పంపుచుండగా బిడ్డ ఊరకుండిన లోకము ఏమనును? పైవారి నిర్ణయము."

ఫక్కీరమ్మకి ఈ మాట చెప్తే తల పట్టుకుని అరుగు మీద కూలబడింది. "నేను రమ్మంటినే," అంది. తర్వాత ఏడ్చింది. ఆమె ఏడవగా చూడటం నాకు ఇదే మొదలు.

అక్టోబర్ 20. వర్షపాతం 45.0

నీలం.

అక్టోబర్ 21. వర్షపాతం 60.0

మళ్ళీ మనదే. సొంత గడ్డ మీద పరాయి దేశం వాన మన వాన కంటే ఎక్కువ పడి ఉండటం దేశ గౌరవానికి మంచిది కాదట. పట్టీ ముంచితే ఏ రంగూ రాలేదు, బురద రంగు వచ్చింది.

ఎనిమిది రోజుల్లో నూట ఎనభై రెండు. సర్వీసులో ఇంత పెద్ద అంకె కూడలేదు. మూడుసార్లు కూడి చూసుకున్నాను.

అక్టోబర్ 24. వర్షపాతం 0.0

ఎండ వచ్చింది. పొలమంతా పచ్చగా ఉంది. పీకేసిన పొలం పచ్చగా ఉండకూడదు. ప్రతి కాయ పగిలి మొలక బయటికొచ్చింది. కిందున్నవి బూజు పట్టి నల్లబడ్డాయి. ఎర్రిస్వామి ఒక చెట్టు ఎత్తి పట్టుకుంటే కాయలు వాటంతటవే ఊడి పడ్డాయి. వాడు వంగి వాటిని ఒక్కొక్కటీ ఏరి పంచెలో వేసుకున్నాడు.

నిన్నటిదాకా తమ వాన ఎక్కువ అని రాయమన్నవాళ్ళే ఈరోజు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తగ్గించి రాయమన్నారు. పదిహేను కాదు ఐదు. ఇరవై రెండు కాదు, మంచు. పరాంకుశం గారు మొహం చూపించలేక ఫోన్‌లోనే అడిగారు. "హనుమక్కా, అరవైలో చుక్క ఒకటి ముందుకు జరపరాదా? ఆరు అవుతుంది."

ఆగస్టులో తమ్ముడి కోసం ఒక అబద్ధం రాశాను. దాని ఫలితం పొలంలో మొలకలేసి ఉంది. ఇంకొకటి రాయనన్నాను. ఆయన ఫోన్‌లో ఉండగానే ఆగస్టు 23 దగ్గర 0.0 కొట్టేసి 14.2 అని దిద్ది, పక్కన సంతకం పెడతానని చెప్పాను, పెట్టాను. ఉద్యోగం సంగతి తర్వాత చూసుకుందాం.

అక్టోబర్ 27. వర్షపాతం 0.0

దీపావళి దాకా ఆగలేదు. ఈరోజు ఎర్రిస్వామి ఎండ కంపెనీ కాగితం మీద సంతకం పెట్టాడు. పొలానికి కాపలా ఉద్యోగం వాడికే ఇస్తారట, పలకల మీద దుమ్ము తుడవాలి. "నీ పనే అక్కా, గిన్నె పెద్దది, అంతే," అన్నాడు. నవ్వించాలనుకున్నాడు పాపం. నేను లోపలికి పోయి ఏడ్చి వచ్చాను.

అక్టోబర్ 28. వర్షపాతం 0.0

వచ్చినవాళ్ళకి వీడ్కోలు. లిన్ గారు కూడా కున్మింగ్ నుంచి వచ్చారు. గొంతుని బట్టి పెద్దాయన అనుకున్నాను, ముప్పై ఏళ్ళు కూడా లేవు. నన్ను చూసి నడుం వంచి నమస్కారం చేశారు.

పరాంకుశం గారు స్థానిక వంటకం ఏదైనా పెట్టమన్నారు. ఎవరూ ముందుకి రాలేదు. ఎర్రిస్వామే వచ్చాడు. మరదలితో కలిసి పొలంలో పొద్దంతా ఏరి, బూజు పట్టనివి, మొలకొచ్చినా గట్టిగా ఉన్నవి, ఒక తప్పెలెడు ఉప్పేసి ఉడకబెట్టి తెచ్చాడు. అందరికీ గిన్నెల్లో పోశాడు. ఇంటికొచ్చినవాళ్ళని వట్టి నోటితో పంపడం వీడికీ చేతకాదు.

వాళ్ళకి తెగ నచ్చింది. మొలకతో ఉన్న కాయ ఎప్పుడూ తినలేదట. జపాన్ ఆయన ఫోటో తీసుకున్నాడు. అమెరికా ఆయన ఇది మీ పాతకాలపు వంటకమా అని అడిగాడు. పరాంకుశం గారు ఆ మాట ఎర్రిస్వామికి తెలుగులో చెప్పారు.

"వంటకం కాదు సామీ," అన్నాడు ఎర్రిస్వామి. "పద్నాలుగెకరాల పంట. తక్కినదంతా పొలంలో కుళ్ళిపోయింది. బాగుండేటివి ఇంతే దొరికినాయి, మీకు ఉడకేసినాం."

పరాంకుశం గారు వాళ్ళవైపు తిరిగి, అవునట, చాలా పురాతనమైన వంటకమట అని ఇంగ్లీషులో చెప్పారు. అందరూ తలలూపి ఇంకొంచెం వడ్డించమన్నారు.

లిన్ గారు ఒక్కరే గిన్నె కింద పెట్టేశారు. లేచి నిలబడి చేతులు జోడించారు.

"ఎర్రిస్వామి గారూ, మీ నష్టమునకు మిక్కిలి సిగ్గుపడుచున్నాను. దీనికి మా దేశము తప్పక స్పందించును."

ఆయనేమన్నారని పక్కనున్నవాళ్ళు అడిగారు. ఈసారి పరాంకుశం గారు సరిగ్గానే చెప్పారు. వెంటనే మిగతా ముగ్గురూ గిన్నెలు పక్కన పెట్టి, తామూ స్పందిస్తామని లేచి నిలబడ్డారు. అమెరికా ఆయన జేబులోంచి ఫారం తీసి నా చేతికిచ్చాడు.

ఎర్రిస్వామి తప్పెల కింద పెట్టాడు. తడి చేతులు పంచెకి తుడుచుకుని, ఒక్కొక్కరి ముందుకీ పోయి, ఒక్కొక్కరికీ వేరుగా దండం పెట్టాడు.

"మీ పుణ్యముంటాది సామీ," అన్నాడు. "మీరెవురూ స్పందించొద్దండి."